నలభై వాక్యాలకు నేను రెండుసార్లు వేసిన మార్కులు

ఇరవై ఆరు గంటల డ్యూటీ తర్వాత ఉదయం రౌండ్స్ కూడా ముగించుకుని, నర్సుల టేబుల్ దగ్గర నిలబడే మా పీజీ శిక్షణ ఎలా ఉందో అడిగే ఆ ఫారం నింపేశాను. అందులో నలభై వాక్యాలున్నాయి. ఒక్కోదాని పక్కన సున్నా నుంచి నాలుగు దాకా అంకెలు. పూర్తిగా ఒప్పుకుంటే నాలుగు, బొత్తిగా ఒప్పుకోకపోతే సున్నా. పది నిమిషాలు కూడా పట్టలేదు. కూడితే 127 వచ్చింది. మొత్తం 160కి 120 దాటితే ఆ శిక్షణ వాతావరణం చాలా బాగున్నట్టు లెక్క. బాగానే ఉన్నాం అనుకుని వెళ్లి పడుకున్నాను.

అప్పుడు నేను జనరల్ మెడిసిన్ థర్డ్ ఇయర్ పీజీని. మూడేళ్ల వాళ్లం కలిపి మా విభాగంలో పన్నెండు మందిమి. ఇక్కడి శిక్షణ గురించి పీజీలు ఏమనుకుంటున్నారో వాళ్ల నుంచే తెలుసుకోవాలని మా విభాగాధిపతి (హెచ్‌ఓడీ) అనుకున్నారు. ఫారాలు పంచడం, వెనక్కి తీసుకోవడం, లెక్క కట్టడం నాకు అప్పగించారు. ఇదొక గుమాస్తా పని అనే అనుకున్నాను.

ఆ ప్రశ్నావళి పేరు పీహెచ్‌ఈఈఎం. ఆస్పత్రిలో పీజీ శిక్షణ ఎలాంటి వాతావరణంలో జరుగుతోందో కొలవడానికి స్యూ రాఫ్, షాన్ మెకలీర్, ఆండ్రూ స్కినర్ తయారుచేసి 2005లో ప్రచురించారు. బ్రిటన్‌లోని జూనియర్ డాక్టర్ల కోసం పుట్టినా తర్వాత చాలా దేశాల్లో వాడారు. నలభై వాక్యాలూ మూడు భాగాల కిందికి వస్తాయి. బాధ్యత, స్వతంత్రంగా పనిచేసే వీలు గురించి పద్నాలుగు, బోధన గురించి పదిహేను, తోడ్పాటు గురించి పదకొండు. ఇందులో నాలుగు వాక్యాలు తిరగేసి ఉంటాయి. నా స్థాయికి తగని పనులు చేయాల్సి వస్తోంది, నన్ను అనవసరంగా పిలుస్తుంటారు, ఇక్కడ జాతి వివక్ష ఉంది, లింగ వివక్ష ఉంది అనేవి. వీటికి నాలుగు వేస్తే సున్నాగా, సున్నా వేస్తే నాలుగుగా మార్చి కూడాలి. మొదటిసారి ఆ సంగతి చూసుకోకుండా కూడేసి, సగం ఫారాలు మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. ఎవరైనా ఈ పని నెత్తిన వేసుకుంటే ముందు ఆ నాలుగింటి చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసుకోండి.

సరిచేసి కూడినా ఫలితం చాలా బాగుంది. పన్నెండు మందిలో తొమ్మిది మంది 120 దాటారు. అనుమానం రావలసింది అప్పుడే, కానీ నాకు రాలేదు. ఫస్ట్ ఇయర్‌లో ఒకమ్మాయి ఫారం ఇచ్చేటప్పుడు అడిగిన మాట మాత్రం గుర్తుండిపోయింది. "మేడం, పైన ఏ ఇయరో, ఆడో మగో రాయడం తప్పనిసరా?" అని. "పేరు లేదు కదా, రాయి, ఏం కాదు" అన్నాను. ఆ సంవత్సరం ఫస్ట్ ఇయర్‌లో ఆడపిల్ల తనొక్కతే. ఆ రెండు గడులూ నింపితే పేరు రాసినట్టే. రెండు రోజుల తర్వాత, వార్డుకు నడుస్తూ ఉంటే, ఉన్నట్టుండి వెలిగింది నాకు. ఆ ఫారాలు తీసుకున్న చేయి కూడా నాదే. వాళ్ల డ్యూటీ చార్ట్ వేసేదాన్నీ నేనే.

హెచ్‌ఓడీ దగ్గరికి వెళ్లి ఉన్నమాట చెప్పాను. "ఈ మార్కులు నమ్మడానికి లేదు సర్, మళ్లీ చేద్దాం" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి సరే అన్నారు. రెండోసారి ఫారం మీద ఏ ఇయరో, ఆడో మగో అడిగే గడులు తీసేశాం. తాళం వేసిన పెట్టె ఒకటి వేరే విభాగంలో పెట్టాం. ఫారాలు కలిపేసి నాకిచ్చే పని కూడా ఆ విభాగంలోని ఒక ఉద్యోగికే అప్పగించాం. వారం గడువిచ్చాం. వెనక వైపు ఖాళీగా వదిలి, చెప్పాలనుకున్నది ఏ భాషలోనైనా రాయొచ్చన్నాం.

నేను కూడా మళ్లీ నింపాను. ఈసారి సెలవు రోజున, నిద్ర తీరాక, ఒక్కో వాక్యం దగ్గర ఆగి. ఆ గంటన్నర నాకు బాగా గుర్తుంది.

చేరినప్పుడు పని గురించి వివరంగా చెప్పే కార్యక్రమం జరిగిందా అన్న దానికి మొదటిసారి మూడు వేశాను. నిజంగా ఏం జరిగిందో గుర్తు తెచ్చుకుంటే, చేరిన రోజు సాయంత్రమే నన్ను వార్డులో నిలబెట్టారు. ఎమర్జెన్సీ మందుల ట్రాలీ ఎక్కడుంటుందో ఒక గుండె ఆగిన మనిషి పక్కన నిలబడి తెలుసుకున్నాను. మూడెందుకు వేశాను మరి? మూడేళ్లయింది కాబట్టి ట్రాలీ ఎక్కడుందో ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి. సున్నా చేశాను.

నా పని గురించి సీనియర్లు క్రమం తప్పకుండా చెబుతారా అన్న దానికి మొదట మూడు. తప్పు చేసినప్పుడల్లా చెప్పారు, అది నిజమే. రోగి ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి నేను విన్న మర్మర్‌ను, అంటే గుండె చప్పుడులోని అసాధారణ శబ్దాన్ని, మా ప్రొఫెసర్ తానూ విని "నీ చెవి సరిగ్గానే ఉంది" అన్న రోజు ఒకటి ఉంది. మూడేళ్లలో అలాంటి రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకటి వేశాను.

చదువుకోవడానికి కేటాయించిన సమయాన్ని ఎవరూ తీసుకోకుండా ఉంటారా అన్నది మరొకటి. మాకు వారానికి రెండు క్లాసులుండేవి, టైం టేబుల్‌లో. క్లాసులో కూర్చుంటే ఫోన్ మోగుతూనే ఉంటుంది. రక్తం తెచ్చుకోవాలి, స్కాన్‌కు రోగిని పంపాలి, డిశ్చార్జ్ కాగితం రాయాలి. అరగంటలో ముగ్గురు లేచి వెళ్లిపోతారు. సెమినార్ చెప్పేవాడు మిగతా వాళ్లకు చెప్పుకుంటాడు. ఒకటి.

ఇక శారీరకంగా ఇక్కడ భద్రంగా ఉన్నాను అన్న వాక్యం. దానికి మొదటిసారి మూడు వేసి ఉన్నాను. మా ఆడవాళ్ల డ్యూటీ రూమ్ తలుపుకు గడియ లేదు. నేను చేరేటప్పటికే విరిగిపోయి ఉంది. రాత్రి రెండింటికి గంట సేపు నడుం వాల్చాలంటే ఇనుప కుర్చీ ఒకటి తలుపుకు ఆనించి, దాని మీద నా బ్యాగ్ పెట్టి పడుకునేదాన్ని, ఎవరైనా తోస్తే చప్పుడవుతుందని. మూడేళ్లు అలా పడుకుని కూడా 'భద్రంగా ఉన్నాను' పక్కన మూడు వేసిన చేయి నాదే. అబద్ధం ఆడాలని వేయలేదు. నాకు కుర్చీ పెట్టడం అలవాటైపోయింది, అంతే. ఆ వాక్యం దగ్గర చాలాసేపు కూర్చున్నాను.

రెండోసారి నా మొత్తం 88.

కొన్ని మారలేదు, ఆ మాటా చెప్పాలి. మా ప్రొఫెసర్లకు సబ్జెక్టు మీద ఉన్న పట్టుకు నాలుగే. చేతితో నేర్చుకోవాల్సిన పనులకు కావలసినంత అవకాశం దొరికిందా అంటే నాలుగే. లంబర్ పంక్చర్ (వెన్నులోంచి సూదితో నీరు తీయడం), సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి గొట్టం వేయడం) లాంటివి సెకండ్ ఇయర్ ముగిసేసరికే నా చేతికి బాగా అలవాటయ్యాయి. రోగులు ఎక్కువగా ఉండే చోట నేర్చుకునే అవకాశానికి లోటుండదు. ఈ శిక్షణ విలువ నాకు తెలుసు. అందుకే ఇదంతా పట్టించుకున్నాను.

గడువు ముగిశాక పన్నెండు ఫారాలూ వచ్చాయి. ఈసారి 120 దాటినవి రెండే. కానీ నన్ను ఆపింది మొత్తాలు కాదు. క్లినికల్ టీచర్లు అవసరమైనప్పుడు అందుబాటులో ఉంటారు అన్న వాక్యం దగ్గర ఎనిమిది ఫారాల్లో మూడు, నాలుగు ఉన్నాయి. మిగతా నాలుగింట్లో సున్నాలూ ఒకట్లూ. మధ్యలో ఒక్క రెండు కూడా లేదు. ఒకే విభాగం, ఒకే ప్రొఫెసర్లు. అంత తేడా ఎందుకొచ్చిందో మొదట అర్థం కాలేదు.

ఆ నాలుగు ఫారాల్లో ఒకదాని వెనక ఇలా ఉంది: "రాత్రి ఫోన్ చేయొచ్చు. చేశాక వినాల్సిన మాటలే కష్టం."

అప్పుడు అర్థమైంది. 'టీచర్' అన్న మాట చదివినప్పుడు నాకు మా ప్రొఫెసర్ కనిపించారు. ఆయన నిజంగానే అర్ధరాత్రి చేసినా ఎత్తుతారు, ఓపిగ్గా చెబుతారు, నాలుగు వేశాను. ఫస్ట్ ఇయర్ వాళ్లు రాత్రి రెండింటికి ప్రొఫెసర్‌కు ఫోన్ చేయరు. సెకండ్ ఇయర్‌కో నాకో చేస్తారు. ఆ సమయంలో వాళ్ల టీచర్ నేను. అదే వాక్యం చదివి వాళ్లు ఒకటి వేసినప్పుడు వాళ్ల కళ్ల ముందున్నది నా ముఖం.

ఇక్కడ అప్పటికి రెండు నెలల కిందటి ఒక రాత్రి సంగతి చెప్పాలి. డయాబెటిక్ కీటోఅసిడోసిస్‌తో, అంటే షుగర్ వ్యాధిలో రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుపోయి ప్రాణం మీదికి వచ్చే స్థితిలో, ఒక యువకుడు చేరాడు. ఇన్సులిన్ డ్రిప్ నడుస్తోంది. వార్డులో ఫస్ట్ ఇయర్, అదే అమ్మాయి. ఒకటిన్నరకు రిపోర్ట్ వచ్చింది, పొటాషియం 2.9. ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి నెట్టి రక్తంలో ఇంకా తగ్గించేస్తుంది కాబట్టి అంత తక్కువ ఉన్నప్పుడు ఇన్సులిన్ ఆపి ముందు పొటాషియం ఎక్కించాలి. లేకపోతే గుండె లయ తప్పుతుంది. తను పొటాషియం పెట్టింది, ఇన్సులిన్ ఆపలేదు. ఆపితే కీటోన్లు పెరుగుతాయేమోనని సందేహం. ఆ సందేహం ఎవరినీ అడగలేదు. మూడు గంటలకు మానిటర్ మీద అదనపు బీట్లు కనిపించి స్టాఫ్ నర్స్ నాకు ఫోన్ చేశారు. పరుగెత్తి వెళ్లి ఇన్సులిన్ ఆపాను, పొటాషియం సరిచేశాం, తెల్లారేదాకా మంచం పక్కనే ఉన్నాను. అతను కోలుకుని ఇంటికెళ్లాడు.

ఉదయం అందరి ముందూ ఆ అమ్మాయిని నిలదీశాను. "నాకెందుకు ఫోన్ చేయలేదు?" అని. తల దించుకుని నిలబడింది. జవాబు రాలేదు. తన నిర్లక్ష్యం అని నా మనసులో రాసేసుకుని ఆ విషయం మూసేశాను.

ఫారం వెనక ఆ రెండు వాక్యాలు చదివాక ఆ ఉదయం మళ్లీ గుర్తొచ్చింది. ఎవరు రాశారో వెతకలేదు, వెతకకూడదు కూడా. కానీ తనను పిలిచి కూర్చోబెట్టి, ఫారం మాటెత్తకుండా, "ఆ రోజు నీకు ఫోన్ చేయాలనిపించిందా?" అని అడిగాను. చాలాసేపు చెప్పలేదు. తర్వాత మెల్లగా అంది: "అంతకుముందు వారం రక్తం ఎక్కిస్తుంటే జ్వరం వచ్చిందని చేశాను మేడం. ఇది కూడా నన్నే అడగాలా, ఎంబీబీఎస్‌లో ఏం చదివావు అన్నారు." నాకా మాట అన్నట్టే గుర్తు లేదు. తనకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. క్షమించమని అడిగాను. అందరి ముందు నిలదీశాను కాబట్టి మర్నాడు రౌండ్స్‌లో అందరి ముందే, ఆ రాత్రి తప్పులో నా భాగం కూడా ఉందని చెప్పాను.

పీజీల కష్టాలంటే అందరూ ముందు పనిగంటల గురించే మాట్లాడతారు. మేమూ అంతే. 1984లో న్యూయార్క్‌లో లిబ్బీ జియాన్ అనే 18 ఏళ్ల అమ్మాయి ఆస్పత్రిలో చేరిన కొన్ని గంటల్లోనే చనిపోయింది. ఆ రాత్రి వార్డులో తనను చూసుకున్నవాళ్లు ఎన్నో గంటలుగా పనిచేస్తున్న ట్రెయినీ డాక్టర్లు. ఆ చావు తర్వాతే 1989లో ఆ రాష్ట్రం పీజీల పనిని వారానికి 80 గంటలకు పరిమితం చేసింది. 2003 నుంచి అమెరికా అంతటా అదే పరిమితి వచ్చింది. అయితే ఆ నిబంధనలకు దారితీసిన కమిటీకి అధ్యక్షుడైన డాక్టర్ బెర్ట్రండ్ బెల్, గంటల కంటే పర్యవేక్షణే అసలు సమస్య అని ఆ తర్వాత కూడా చెబుతూ వచ్చారు. గంటలు లెక్కపెట్టడం తేలిక కాబట్టి అవే జనం నోళ్లలో మిగిలాయి. ఇది నేను ఎప్పుడో చదివాను, పరీక్ష కోసం చదివినట్టు. మా పన్నెండు ఫారాలు చూశాకే ఒంటికి తగిలింది. మా ఫస్ట్ ఇయర్ అమ్మాయి ఆ రాత్రి అలసిపోయి ఉంది, నిజమే. కానీ రిపోర్ట్ సరిగ్గానే చూసింది, అది ప్రమాదమనీ తెలుసుకుంది. ఆగింది ఫోన్ దగ్గర.

విభాగం సమావేశంలో ఫలితాలు చెప్పే రోజు నాకు చేతులు చల్లబడ్డాయి. ఇనుప కుర్చీ సంగతితో మొదలుపెట్టాను. గదిలో మగవాళ్లెవరికీ, మా యూనిట్ పీజీలతో సహా, ఆ గడియ లేదన్న సంగతే తెలియదు. ఆడవాళ్లందరికీ తెలుసు. ఒక్కొక్కరూ ఒక్కో వస్తువు తలుపుకు అడ్డం పెట్టుకుంటున్నామని ఆ రోజే బయటపడింది. రెండు రోజుల్లో వడ్రంగి వచ్చి గడియ బిగించి వెళ్లాడు. మూడేళ్లు ఎవరం అడగలేదు.

ఒక సీనియర్ ప్రొఫెసర్‌కు మాత్రం ఇదంతా నచ్చలేదు. "మేం నేర్చుకున్నప్పుడు ఇవన్నీ ఎవరు అడిగారు?" అన్నారు. కోపంగా కాదు, బాధగానే అన్నారు. నాకు ఆయన మీద గౌరవం ఉంది. పాలు తాగని పసిబిడ్డ దగ్గర కూర్చుని తల్లితో ఎలా మాట్లాడాలో చూపించిన మనిషి. కానీ ఆయనను ఎవరూ అడగలేదంటే ఆయనకు అవసరం లేదని కాదు కదా. ఆ మాట సమావేశంలో అనలేకపోయాను.

మార్పుల్లో చాలా చిన్నవే. క్లాసు జరిగే గంట ఫస్ట్ ఇయర్ ఫోన్లన్నీ ఒక థర్డ్ ఇయర్ దగ్గర ఉంటాయి, వార్డు పిలుపులకు తనే వెళ్తుంది. డ్యూటీ మారేటప్పుడు నోటిమాటగా కాకుండా కాగితం మీద రాసి అప్పగించడం మొదలుపెట్టాం. ఎవరి పరిస్థితి బాగాలేదు, ఏ రిపోర్ట్ రావాలి, వస్తే ఏం చేయాలి, దిగజారితే ఎవరిని పిలవాలి అని. తీసుకున్నవాళ్లు దాన్ని తిరిగి తమ మాటల్లో చెప్పాలి. మొదట్లో టైం వృథా అని గొణిగినవాళ్లే తర్వాత కాగితం లేకపోతే డ్యూటీ తీసుకోమనేవాళ్లు.

పెద్ద వాదన జరిగింది ఫోన్ జాబితా మీద. ఈ పరిస్థితుల్లో జూనియర్ సీనియర్‌కు ఫోన్ చేసి తీరాలి, చేయాలా వద్దా అన్న ఎంపిక జూనియర్‌కు ఉండదు అని ఒక పేజీ రాశాం. పొటాషియం మూడు కంటే తక్కువ, ఆరు కంటే ఎక్కువ. బీపీ పడిపోవడం. కొత్తగా మత్తులోకి జారుకోవడం. రక్తం ఎక్కిస్తుంటే జ్వరం. చివరి వరుస మాత్రం నేను పట్టుబట్టి పెట్టించాను: 'ఎందుకో చెప్పలేకపోయినా భయంగా ఉంటే.' దానికి అభ్యంతరాలు వచ్చాయి. భయం ఒక కారణమా అన్నారు. వార్డులో పాతికేళ్లుగా ఉన్న స్టాఫ్ నర్సు ఒకరు, సమావేశానికి పిలిచాం కాబట్టి ఉన్నారు, "రోగి మొహం చూసి నాకు భయమేసిన ప్రతిసారీ ఏదో ఒకటి ఉంది సర్" అన్నారు. వరుస ఉండిపోయింది.

తర్వాతి నెల రాత్రి ఫోన్లు బాగా పెరిగాయి. ఈ బ్యాచ్ జూనియర్లు సొంతంగా ఏదీ చేయలేకపోతున్నారన్న మాట వచ్చింది. నాకూ ఒక రాత్రి అలాగే అనిపించింది, నాలుగోసారి లేచినప్పుడు. అప్పుడు పరిశోధకురాలు అమీ ఎడ్మండ్‌సన్ అధ్యయనం గుర్తు చేసుకున్నాను. 1990ల్లో ఆమె రెండు ఆస్పత్రుల్లోని ఎనిమిది యూనిట్లలో మందుల విషయంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. బాగా కలిసి పనిచేసే యూనిట్లలో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే లెక్క ఎదురొచ్చింది, అక్కడే ఎక్కువ నమోదయ్యాయి. కారణం, అక్కడ జరిగిన పొరపాటును చెప్పుకోగలిగేవారు, మిగతా చోట్ల దాచేవారు. మా ఫోన్లు కూడా అలాంటివే అని వాదించాను. ఆ సందేహాలు ముందూ ఉన్నాయి, మనకు వినపడలేదు అన్నాను. మూడో నెలకు ఫోన్లు కొంత తగ్గాయి. అడిగి అడిగి వాళ్లకు పని వచ్చింది.

మారనివీ ఉన్నాయి. పనిగంటలు తగ్గలేదు. మనుషులు పెరగకుండా అవి తగ్గవు, మనుషులను పెంచడం మా విభాగం చేతిలో లేదు. నా స్థాయికి తగని పనులు చేయాల్సి వస్తోంది అన్న వాక్యానికి ఇప్పటికీ అందరూ మూడో నాలుగో వేస్తారు. రక్తం బాటిల్ కోసం పరుగెత్తేది ఇవాళ్టికీ పీజీయే. పరీక్ష తప్పినవాళ్లతో కూర్చుని మాట్లాడే ఏర్పాటు ఉందా అన్న దానికి అందరూ సున్నా వేశారు, అది సున్నాగానే ఉంది. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది అదే. మా ముందు బ్యాచ్‌లో ఒకరు పరీక్ష తప్పి, ఎవరికీ చెప్పకుండా హాస్టల్ ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఆ మనిషి బాగానే ఉన్నారని మాకు తెలియడానికి నాలుగు నెలలు పట్టింది.

పరీక్షలకు ముందు నా ఆఖరి రాత్రి డ్యూటీ. రెండు నలభైకి ఫోన్ మోగింది. "మేడం, పన్నెండో బెడ్. అన్నీ నార్మలే. బీపీ, సాచురేషన్, షుగర్ అన్నీ చూశాను. కానీ సాయంత్రం మాట్లాడినట్టు మాట్లాడట్లేదు. భయంగా ఉంది." అదే అమ్మాయి. గడియ తీసి, చెప్పులు వేసుకుంటూ, ఫోన్ పెట్టకుండా అడిగాను: "ఎలా మాట్లాడుతున్నారో చెబుతూ ఉండు. వస్తున్నాను."